ముందు చక్రం మారిన బండి

ఈ మంచు దేశానికి వచ్చి స్కార్‌బరోలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళలో మోటార్‌సైకిల్ నడపడం రానివాళ్ళు చాలామందే ఉన్నారు. దాని గురించి సలహా ఇవ్వడం రానివాళ్ళు మాత్రం నాకింతవరకూ తగల్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కింద హాల్లో భోజనాలు పెడతారు. ఒక చేత్తో బిర్యానీ ప్లేటు పట్టుకుని, రెండో చేత్తో నా హెల్మెట్ మీద టకటకా కొట్టి, "ఇది గట్టిదేనా అమ్మా?" అని అడగని పెద్దమనిషి ఆ హాల్లో లేడు. పుచ్చకాయ కొనేటప్పుడు కొట్టినట్టు కొడతారు. వాళ్ళలో ఒక్కరికీ మోటార్‌సైకిల్ లైసెన్సు లేదు.

నేను నగరానికి ఆ చివరనున్న ఎటోబికోలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తం పరీక్షించే యంత్రాలు నా చేతికింద ఉంటాయి. పొద్దున్నే వెళ్ళగానే మొదటి పని, విలువ ముందే తెలిసిన శాంపిల్ ఒకటి యంత్రంలో పెట్టి, అది సరైన అంకె చెబుతోందో లేదో చూడడం. చెప్పకపోతే ఆ రోజు ఆ యంత్రం మాట ఎవరూ వినరు. దాన్ని సరిచేసి, మళ్ళీ పరీక్ష పెట్టి, అది పాసయ్యాకే రోగుల శాంపిల్స్ ముట్టుకుంటాం. ఏళ్ళ తరబడి ఇదే పని చేయడం వల్ల నాకొక జబ్బు పట్టుకుంది. 'సుమారుగా', 'దాదాపు', 'అటూ ఇటూగా' అనే మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మావాళ్ళు ఆ మూడు మాటల మీదే బతుకుతారు.

బండి కొనడానికి కారణం అడిగినవాళ్ళకల్లా ప్రయాణం అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. మేముండే అపార్ట్‌మెంట్ టవరు నుంచి ఆసుపత్రికి బస్సు, సబ్‌వే రైలు, మళ్ళీ బస్సు. ఉన్న ఒక్క కారు మా ఆయన ఆఫీసుకు పోతుంది. కానీ అసలు కారణం సరదా. కాకినాడలో డిగ్రీ చదివే రోజుల్లో నాన్న మోపెడ్ మీద బీచి రోడ్డున తిరిగినదాన్ని. ఆ గాలి మళ్ళీ మొహానికి తగలాలని ఎన్నాళ్ళనుంచో ఉండేది. నలభై దాటిన ఆడది సరదా కోసం బండి కొన్నానంటే చర్చిలో ఉపవాస ప్రార్థనలు పెట్టేస్తారని, బస్సుల మీద నెట్టేశాను.

కొన్నది పాత బండి. ముల్లు తిరిగే గుండ్రటి మీటరు, నల్లటి ట్యాంకు, కొంచెం దగ్గుతూ మొదలయ్యే ఇంజను. చూడగానే నచ్చింది. కొత్త వాహనం కొంటే ప్రార్థన పెట్టించడం మా వాళ్ళ ఆనవాయితీ కాబట్టి, టవరు ముందున్న పార్కింగులో ప్రార్థన పెట్టించాం. మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి హ్యాండిల్ మీద నూనె అంటించి అభిషేకించారు.

"ముందు చక్రానిక్కూడా రాయండి అయ్యగారూ, ప్రమాదాలన్నీ అక్కణ్ణించే వస్తాయి," అన్నారు ఒక అంకుల్. ఈయన రాజమండ్రిలో కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. చర్చిలో ఏ యంత్రం గురించైనా ఆఖరి మాట ఆయనదే.

"వద్దండీ, అక్కడ బ్రేకుంది. దానిమీద నూనె పడితే నేను నేరుగా ప్రభువు దగ్గరికే వెళ్తాను," అన్నాను.

అయ్యగారు నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేదు. మా ఆయన గొంతు సవరించుకుని, "మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. ఒక్క స్పీడింగ్ టికెట్ వచ్చినా సరే, ఈ బండి అమ్మేస్తాం," అని ప్రకటించారు.

మేమిద్దరం అనుకున్నదేమీ లేదు. ఆయన ఒక్కరే, బహుశా అప్పటికప్పుడే, అనుకున్నారు. కానీ చుట్టూ అంతమంది నిలబడి నా మొహం చూస్తుంటే ఏమనాలి? తలూపాను. అందరూ ఆమెన్ అన్నారు. అలా నా బండి మెడకు ఒక షరతు కట్టారు, దేవుడి సాక్షిగా, చిప్సు తింటూ. అప్పటికే మా ఆయన కారు మీద, వేగానికి పోలీసులు జరిమానా రాసిన టికెట్లు రెండున్నాయి. ఆ కారు అమ్మమని ఎవరూ ప్రార్థన చేయలేదు.

మొదటి ఏడాది జాగ్రత్తగా నడిపాను. చలికాలం బండి బేస్‌మెంట్ పార్కింగులో నిద్రపోయింది. మంచు కరిగాక మళ్ళీ బయటికి తీశాను. ఇక్కడ మంచు కరిగాక రోడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒక గుంతలో పడి ముందు చక్రం రిమ్ము వంగింది. నాకేం కాలేదు. ఆ పాత మోడలుకు సరిపోయే చక్రం ఎక్కడా దొరకలేదు. చివరికి షాపువాడు అదే రకం ఇంకో మోడలు నుంచి తీసిన చక్రం బిగించాడు. పాతదానికంటే పెద్దది. బండి చక్కగా నడుస్తుందన్నాడు. మీటరు తేడా చూపించొచ్చు, చూసుకోమన్నాడు. ఎంత తేడా అని అడిగితే భుజాలెగరేశాడు.

ఆ వారమే నేను కారు పక్కన బండి నడిపి చూశాను. నా ముల్లు ఎనభై మీద ఉంది. పక్క వరసలో మా ఆయన కిటికీ దించి, ముందు ఐదు వేళ్ళు, మళ్ళీ నాలుగు చూపించారు. తొంభై.

విషయం చాలా చిన్నది. ఆ పాత బళ్ళలో ముందు చక్రం ఇరుసు దగ్గర చిన్న పళ్ళచక్రం ఒకటుంటుంది. చక్రం తిరిగితే అది తిరుగుతుంది, దాని నుంచి ఒక కేబులు పైకి వెళ్ళి మీటరు ముల్లును కదుపుతుంది. అంటే మీటరు లెక్కపెట్టేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నది మాత్రమే. ఒక్కో చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో తయారుచేసినవాళ్ళు ముందే దానికి నేర్పి పెట్టారు. ఇప్పుడు పెద్ద చక్రం వచ్చింది, ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతోంది. ఆ సంగతి పాపం మీటరుకు ఎవరూ చెప్పలేదు. అది పాత లెక్కే చెబుతోంది, వేగం తగ్గించి చెబుతోంది. ఎనభైలో వెళ్తున్నాననుకుని నేను తొంభైలో వెళ్తుంటాను. ఒక్క టికెట్ వస్తే బండి పోతుంది. నాకు నిజంగా భయం వేసింది.

ఆదివారం హాల్లో ఈ మాట చెప్పడం నా తెలివితక్కువ. చెప్పకుండా ఉంటే మా ఆయన చెప్పేవారు, అది వేరే సంగతి.

"ఇంతేనా? ముల్లు చూపించినదానికి ఒక పది శాతం కలుపుకో అమ్మా. దాదాపు సరిపోతుంది," అన్నారు కరెంటు అంకుల్.

"పదేనని ఎలా చెప్పారు అంకుల్?"

"అనుభవం." ఆయన పెరుగు కలుపుకున్నారు. ఆయన అనుభవం మీద గౌరవంతో చెబుతున్నాను, రాజమండ్రిలో ఆయన నడిపినది సైకిలు.

ఆ రోజు పక్క ఊరు కిచెనర్ నుంచి ఒక తమ్ముడు కూడా వచ్చాడు. హైదరాబాద్ అబ్బాయి, అమెరికాలో కొన్నాళ్ళు పనిచేసి ఇటు వచ్చాడు, సాఫ్ట్‌వేర్. అతని దగ్గర కూడా మోటార్‌సైకిల్ ఉంది. దానికంటే దాని మీద వేసుకునే తోలు జాకెట్ ఎక్కువ వాడతాడు. చర్చిలో చెమటలు కక్కుతూ కూడా ఆ జాకెట్ విప్పడు.

"అక్కా, సింపుల్. ఫోన్‌ల జీపీఎస్ ఉంటది కదా. హ్యాండిల్‌కి మౌంట్ చేసుకో. లేకపోతే నేనొక షీట్ చేసి పంపిస్తా, ముల్లు వాల్యూ ఇటు, రియల్ వాల్యూ అటు. ట్యాంక్ మీద అతికించుకో."

"నేను రోడ్డు చూసుకుంటూ బండి నడపాలా, ట్యాంకు మీద ఎక్కాలు చదువుకోవాలా తమ్ముడూ?"

"అలవాటైపోతది అక్కా."

ఫోను గురించి అతను చెప్పినదాంట్లో సగం నిజముంది. తిన్నని రోడ్డు మీద స్థిరంగా వెళ్తుంటే ఫోను వేగం బాగానే చెబుతుంది. నా ల్యాబ్‌లో విలువ తెలిసిన శాంపిల్ లాంటిదది, మీటరును పరీక్షించడానికి పనికొస్తుంది. అంతేగానీ ఊళ్ళో ఆగుతూ సాగుతూ నడిపేటప్పుడు అది ఒక క్షణం వెనకే ఉంటుంది, వంతెన కిందికి పోతే నోరు మూసుకుంటుంది. పాడైన యంత్రాన్ని సరిచేయకుండా పక్కన ఇంకో యంత్రం పెట్టుకుని రెండూ చూసుకోవడం ఏం పని? సరిచేయొచ్చు కదా. ఈ మాట ఆ హాల్లో ఒక్కరికీ తట్టలేదు. కలుపుకో, తీసేసుకో, సర్దుకో. మావాళ్ళకు తెలిసిన రిపేరు అదొక్కటే.

నేను ఎలక్ట్రానిక్ మీటరు ఒకటి తెప్పించాను. చక్రానికి చిన్న అయస్కాంతం, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు ఒక సెన్సరు. చక్రం చుట్టుకొలత ఎంతో మీటలు నొక్కి దానికి మనమే చెప్పాలి. ఆ అంకె సరిగ్గా ఇస్తే అది సరిగ్గా చెబుతుంది. తప్పు ఇస్తే తప్పే చెబుతుంది, దానికి సొంత అభిప్రాయాలు లేవు. అందుకే నాకు నచ్చింది.

మా టవరు పార్కింగులో రిపేర్లు చేయకూడదు. కరెంటు అంకుల్ వాళ్ళ అబ్బాయి ఇంటి గ్యారేజీలో శనివారం మధ్యాహ్నం కూర్చున్నాం. నేను, మా ఆయన, అంకుల్. చుట్టుకొలత తేల్చడానికి అంకుల్ ఒక చిన్న టేపుతో చక్రం అడ్డంగా కొలిచి, ఇరవైరెండు బై ఏడుతో గుణించబోయారు.

"అలా కాదంకుల్. బండి మీద మనిషి కూర్చుంటే టైరు కింద కొంచెం నొక్కుకుపోతుంది. ఎక్కి కూర్చుని, ఒక చుట్టు తిప్పి, నేల మీద కొలవాలి," అన్నాను.

"ఆ తేడా ఎంతుంటుందమ్మా, అటూ ఇటూగా..."

"కొలిస్తే తెలుస్తుంది."

టైరు మీద, దాని కింద నేల మీద సుద్దముక్కతో గీత గీశాను. ఇప్పుడు ఎవరు కూర్చోవాలన్నది వచ్చింది. మా ఆయన తాను కూర్చుంటానన్నారు. బండి నడిపేది నేనైతే ఆయన బరువెందుకు? అయితే నీ బరువు చెప్పు, దానికి తగ్గట్టు అంకుల్ లెక్కేస్తారన్నారు. అంకుల్ సంతోషంగా పెన్ను తీశారు. నేను ఇద్దరినీ ఒక చూపు చూసి బండెక్కాను. మా ఆయన వెనకనుంచి తోశారు, అంకుల్ వంగి టైరు మీద గీత మళ్ళీ కిందికి రావడం చూసి "ఆపు, ఆపు" అని అరిచారు. నేల మీద రెండో గీత పెట్టి, పొడుగు టేపు పరిచి కొలిచాను. మళ్ళీ తోయించాను, మళ్ళీ కొలిచాను. రెండుసార్లూ ఒకే కొలత వచ్చింది. అంకుల్ గుణకారంతో పోలిస్తే కొంచెం తక్కువ. ఆయన దాన్ని చూసి, "దాదాపు ఒకటే," అన్నారు.

కొలత మీటరులో ఎక్కించాలి. దానితో వచ్చిన కాగితం మీద అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. నా కళ్ళజోడు ఇంట్లో ఉంది. మా ఆయన జేబులో ఆయన కళ్ళజోడుంది. ఆయన రెండు మీటలు నొక్కి పట్టుకుని, నేను చెప్పిన అంకె చెప్పినట్టే పైకి పలుకుతూ ఎక్కించారు. నేను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాను.

కొత్త మీటరుతో కొన్నాళ్ళు హాయిగా గడిచింది. నగరం లోపల చిన్న రోడ్ల మీద ఎవరి వేగం ఎంతో తెలియదు, అందరం సిగ్నళ్ళ దగ్గర ఆగేవాళ్ళమే. హైవే ఎక్కినప్పుడు మాత్రం ఏదో తేడా అనిపించేది. నా మీటరు వంద చూపించేది, నేను కుడివైపు, నిదానంగా పోయేవాళ్ళ వరసలో పోయేదాన్ని, లోకమంతా నన్ను దాటుకుపోయేది. అది పెద్ద వింత కాదు. ఇక్కడ వంద అని బోర్డు పెడితే అందరూ నూటపది, నూటఇరవై పోతారు. అలా పోవడం హక్కనుకుంటారు. వందలో పోయేవాణ్ణి పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. అయినా ల్యాబ్ బుద్ధి ఊరుకోదు కదా. ఒక ఆదివారం పొద్దున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఫోనును హ్యాండిల్‌కు బిగించి పరీక్ష పెట్టాను. మీటరు వంద. ఫోను తొంభై.

నేను ఆశ్చర్యపోలేదు. మా ఇంటి గోడ గడియారం తెలిసిన మనిషిని నేను. అది ఎప్పుడూ ముందుంటుంది. ఆలస్యం కాకూడదని మా ఆయనే ముందుకు జరిపి పెడతారు. అది ముందుందని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దాన్ని నమ్మరు, మనసులో తీసేసుకుని తాపీగా కాఫీ తాగుతారు, చివరికి ఆలస్యంగానే బయల్దేరతారు. మాకు తెలిసిన ఏ తెలుగు ఇంట్లో చూసినా ఇదే వరస. పదకొండింటికి మొదలయ్యే ఆరాధన పదింటికని చెబుతారు, పదింటికని చెప్పారు కాబట్టి అందరూ పదకొండున్నరకు వస్తారు. అలాంటి ఇంట్లో నా మీటరు మాత్రం నిజం చెబుతుందని ఎలా అనుకున్నాను? నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు మా ఆయన నా వేగాన్ని కూడా ముందుకు జరిపి పెట్టారు.

అడగొచ్చు. అడిగితే "నీ మంచికే" అంటారు. ఆ మాట పెళ్ళైనప్పటినుంచీ వింటున్నాను, ఇంకోసారి వినే ఓపిక లేదు. నేనే సరిచేసుకోవచ్చు. గడియారం సరిచేసిన ప్రతిసారీ అది మళ్ళీ ముందుకు జరగడం నాకు తెలుసు. అందుకని, గడియారం చూసి ఏం చేస్తానో అదే చేశాను. తీసేసుకున్నాను. మీటరు డెబ్బైఎనిమిది చూపిస్తే నేను డెబ్బైలో ఉన్నట్టు. ఆ కిచెనర్ తమ్ముడి షీటును వెక్కిరించిన నోటితోనే, మనసులో ఒక షీటు తయారుచేసుకున్నాను. ల్యాబ్‌లో ఎవరైనా ఇలా చేస్తే నేనే ఇంటికి పంపేస్తాను.

ఇలా ఉండగా ఒక సాయంత్రం హైవే మీద ఒక పెద్ద ట్రక్కు నా వెనకే అంటుకుని వచ్చింది. అద్దంలో దాని ముందుభాగం తప్ప ఇంకేం కనపడలేదు. చాలాసేపు అలాగే వచ్చి, ఆఖరికి హారన్ మోగించుకుంటూ దాటిపోయింది. ఇంటికి రాగానే మా ఆయనకు చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. నేను నిదానంగా పోతున్నందుకే ట్రక్కు మీదికి వచ్చిందని ఆయన లెక్క. ఆ నిదానం తను పెట్టిందేనని ఆయన భయం, నేను తీసేసుకుంటున్న సంగతి ఆయనకు తెలియదు. మర్నాడు నాకు సెలవు. నేను కూరగాయలు తేవడానికి వెళ్ళినప్పుడు ఆయన పార్కింగుకు దిగి, మీటరులో అంకె సరిచేశారు. నేను కొలిచిన అంకె, గ్యారేజీలో పైకి పలికిన అదే అంకె, ఈసారి నిజంగా ఎక్కించారు. నాకు చెప్పలేదు.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఒక రోడ్డుంది. అరవై బోర్డు. అందరూ డెబ్బైలో పోతారు, నేనూ పోతాను, పోలీసులు పదివరకు పట్టించుకోరని లోకం నమ్మకం. ఆ పొద్దున నా మీటరు డెబ్బైఎనిమిది చూపించింది. అంటే డెబ్బై అనుకున్నాను. పక్క సందులోంచి లైట్లు వెలిగాయి.

పోలీసు అమ్మాయి చాలా మర్యాదగా వచ్చింది. ఎంత వేగంలో వస్తున్నారో మీకు తెలుసా అని అడిగింది.

నేను వేగాలు కొలవడం తెలిసిన మనిషిని కదా, ధైర్యంగా, "డెబ్బై," అన్నాను.

అరవై రోడ్డు మీద డెబ్బై అని నోరారా ఒప్పుకున్నందుకు ఆ అమ్మాయి కూడా ఒక క్షణం జాలిపడినట్టుంది. తర్వాత రాడార్ చూపించింది. డెబ్బైఎనిమిది. నా మీటరు, ఆమె రాడారు ఒకే మాట మీద ఉన్నాయి. ఆ రోడ్డు మీద తప్పు చెబుతున్నది నేనొక్కదాన్నే. మనసులో తీసేసుకున్న ఎనిమిది కిలోమీటర్లు నా చేతిలో కాగితమై కూర్చున్నాయి.

సాయంత్రం ఇంట్లో అడిగాను.

"మీటరు ముట్టుకున్నారా?"

ఆయన టీవీ సౌండు తగ్గించారు. "ఎందుకు?"

"ముట్టుకున్నారా, లేదా?"

"సరిచేశాను. ఇప్పుడు కరెక్టుగా ఉంది. నువ్వు కొలిచిన నంబరే."

"మొదట ఏం పెట్టారు?"

"కొంచెం ఎక్కువ పెట్టా. సేఫ్టీకి. నీ మంచికే."

"నాకు చెప్పాలి కదా?"

"చెబితే నువ్వు మనసులో తీసేసుకుంటావు. ఇంకెందుకది?"

"చెప్పకపోయినా తీసేసుకున్నాను."

"అయితే నువ్వు నాకు చెప్పాలి కదా?"

 టికెట్ కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, ఇన్సూరెన్స్ పెరుగుతుందన్నారు. బండి మాట ఎత్తలేదు. నేను రాత్రంతా, ఆ వారమంతా, ఆ మాట కోసం కాచుకుని ఉన్నాను. అమ్మమంటే ఏమనాలో సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆ అంకె మార్చింది ఎవరు, మార్చి చెప్పనిది ఎవరు, కారు మీద రెండు టికెట్లున్నది ఎవరికి. గట్టి వాదన. ఏ కోర్టైనా ఒప్పుకుంటుంది.

ఆదివారం హాల్లో కరెంటు అంకుల్ ప్లేటు పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చారు. "టికెట్ వచ్చిందట కదా అమ్మా?" అన్నారు. ఎవరు చెప్పారో అడగక్కర్లేదు.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నారు. "వచ్చిందండీ. మాట ప్రకారమైతే బండి అమ్మేయాలి. కానీ చూడండి, నా వైపునుంచి కూడా చిన్న పొరపాటుంది. అందుకని ఈసారికి క్షమించేశాను. ఉంచుకోమన్నాను."

పక్క బల్ల మీదున్న ఆంటీ నా భుజం తట్టింది. "ఎంత మంచి మనసమ్మా మీ ఆయనది. నీ అదృష్టం."

"ప్రైజ్ ద లార్డ్," అన్నారు అంకుల్.

 అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అమ్మమంటే పోట్లాడొచ్చు, నా దగ్గర ఆధారాలున్నాయి. క్షమించేశానన్న మనిషితో ఏమని పోట్లాడతాం? ఆ హాల్లో అందరి కళ్ళకూ నేను తప్పు చేసిన మనిషిని, ఆయన పెద్దమనసు చేసుకున్న మనిషి. మళ్ళీ టికెట్ వస్తే మళ్ళీ ఈ బల్ల దగ్గరే నా బండి ఉంటుందో పోతుందో తేలుస్తారు, బిర్యానీ చల్లారకుండా. మీటరు ఎంత సరిగ్గా ఉన్నా దీనికి మాత్రం విరుగుడు లేదు. పైగా ఆయన నిజంగా మంచి మనసుతోనే అన్నారు. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది, నేను సంతోషిస్తానని ఎదురుచూస్తున్నారు. దానికి ఇంకా ఒళ్ళు మండింది.

"క్షమించొద్దండీ," అన్నాను. "మాట మాటే. అమ్మేస్తాను."

"అరె, ఉంచుకోమన్నాను కదా."

"మీరు ఉంచుకోమంటే ఉంచుకుని, అమ్మమంటే అమ్మే బండి నాకెందుకు?"

 ఆంటీ చెయ్యి నా భుజం మీదనుంచి మెల్లగా తీసేసుకుంది. మా ఆయన నవ్వబోయి, నవ్వలేక, నీళ్ళు తాగారు. 

కొన్నది కిచెనర్ తమ్ముడే. పాత బళ్ళంటే తనకు చాలా ఇష్టమన్నాడు, తోలు జాకెట్‌కు మ్యాచ్ అవుతుందని నేననుకున్నాను. తాళాలిచ్చేటప్పుడు అన్నీ చెప్పాను. చక్రం పెద్దది, మీటరు సరిగ్గా ఉంది, ఫోనుతో పరీక్షించాను, దాన్ని ముట్టుకోకు.

"థాంక్స్ అక్కా. సేఫ్ సైడ్‌కి ఒక ఫైవ్ పర్సెంట్ ఎక్కువ పెట్టుకుంట," అన్నాడు.

తాళాలు అతని చేతిలో పెట్టాను. అతను వెళ్ళిపోయాక పార్కింగులో నా ఖాళీ చోటు ముందు నిలబడి ఏడ్చాను. నేల మీద నూనె మరక ఒకటి మిగిలింది. ఆ బండిని నేను ప్రేమించాను, దాని దగ్గుతో సహా. రోషానికి పోయి పోగొట్టుకున్నానని చాలామంది అన్నారు. మా ఆయన కూడా ఒకటి రెండుసార్లు అన్నారు, మెల్లగా. ఆ ఏడాది మిగిలిన రోజులన్నీ బస్సు, సబ్‌వే, మళ్ళీ బస్సు. చలికాలమంతా స్టాపుల్లో నిలబడి కాళ్ళు కొట్టుకుంటూ, నేను చేసింది సరైన పనేనా అని చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ప్రతిసారీ ఆ హాలు, ఆ "ఈసారికి" గుర్తొచ్చేవి. ఇంక అడగడం ఆగిపోయేది.

మళ్ళీ మంచు కరిగాక ఇంకో బండి కొన్నాను. నా జీతంతో, నా పేరు మీద, ఎవరికీ ముందు చెప్పకుండా. తెచ్చిన రోజునే ఖాళీ రోడ్డు మీద ఫోను పెట్టి మీటరు పరీక్షించాను, బాగానే ఉంది. పార్కింగులో పెట్టి హెల్మెట్ తీసేసరికి మా ఆయన చెత్త సంచీతో లిఫ్టులోంచి దిగారు. బండిని చూశారు. చుట్టూ ఒకసారి తిరిగారు. ముందు చక్రం దగ్గర ఆగి, మీటరు వైపు చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"కొన్నావా?"

"కొన్నాను."

"బాగుంది." నిజంగానే బాగుందన్నట్టు చూశారు. "అయ్యగారితో ప్రార్థన పెట్టిద్దామా?"

"పెట్టించండి."

ఆయన కాసేపు చెత్త సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "మరి మన ఒప్పందం?"

"అది ఆ బండిదండీ," అన్నాను. "దానితోపాటే కిచెనర్ వెళ్ళిపోయింది."